కరివేపాకు చెట్టు మింగిన బీపీ గోలీలు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో దూతలున్నారు, అశరీరవాణి ఉంది, మండుటెండలో ప్రయాణం ఉంది, మృత్యువు మా గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పాలా వద్దా అని ఆలోచించిన ఘట్టం ఉంది. వినేవాళ్ళు కాళ్ళు కడుక్కుని కూర్చోవలసిందిగా మనవి.

కూర్చున్నారా? సరే, అదేం కాదు. మా బాపమ్మ, అంటే మా బాపు వాళ్ళమ్మ, పదకొండు రోజులు బీపీ గోలీ వేసుకోలేదు. కథ అంతే. అశరీరవాణి మాత్రం నేనే.

మేముండేది మహారాష్ట్రలో, చంద్రపూర్ పక్కన, పద్మాపూర్ గనుల దగ్గరి క్వార్టర్లలో. బాపు, అంటే నాన్న, గనిలో డంపర్ నడుపుతాడు. తాత కాలంలో బొగ్గు కోసం తెలంగాణ నుంచి వచ్చాం. బొగ్గు ఇంకా అయిపోలేదు కాబట్టి ఇంకా ఇక్కడే ఉన్నాం. ఇంట్లో మాట తెలుగు, బడి మరాఠీ, కోపమొస్తే హిందీ. తెలుగు చదవడం మాత్రం మా ఇంట్లో ఎవరికీ అబ్బలేదు. బాపమ్మకు ఏ అక్షరమూ రాదు. బాపు, అమ్మ మరాఠీ బడిలో చదివారు. అమ్మ చేతికి తెలుగు పెళ్ళిపత్రిక ఇస్తే ముందు దేవుడి బొమ్మకు దండం పెట్టి, తరువాత అంకెల్లో ఉన్న తేదీ చూసి, ఇక చదవడం అయిపోయినట్టు గూట్లో పెట్టేస్తుంది.

నాకు తెలుగు చదవడం వచ్చు. అంటే, వచ్చినట్టే. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, గనిలో రిటైరైన పక్క లైను పెద్దాయన ఒకరు వేసవిలో పొద్దు పోక పిల్లల్ని పోగేసి అక్షరాలు నేర్పాడు. గుణింతాల దాకా బండి బాగానే నడిచింది. వత్తులు మొదలుపెట్టే వారంలో ఆయన కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి వత్తు లేని మాటలు చదివేవాణ్ణి, వత్తున్న మాటలు ఊహించేవాణ్ణి. ఊహిస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. ఇంట్లో చదవడం వచ్చినవాడు ఒక్కడే ఉంటే, వాడు ఏది చదివితే అదే అక్కడ రాసి ఉన్నట్టు లెక్క.

ఫోను లేని బాపమ్మ తప్ప మా చుట్టాలందరికీ కలిపి ఫోన్లో ఒక గ్రూపుంది. అందులో ఎవరైనా తెలుగు పేపరు ముక్క ఫొటో పెట్టగానే వరుసగా ఒకటే ప్రశ్న వచ్చేది: "ఏం రాసిన్రురా?" ఆ 'రా' నేనే. మొదట్లో మరాఠీలో రెండు ముక్కలు టైపు చేసి పెట్టేవాణ్ణి. ఎవరూ చూసేవాళ్ళు కాదు. తరువాత చదివి రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాను. అదీ సగం దాకే వినేవాళ్ళు. ఒకరోజు విసుగొచ్చి, టీవీలో వార్తలు చదివే పెద్దమనిషిలా గొంతు లావు చేసి, మధ్యమధ్యలో స్టీలు కంచం మీద గరిటెతో 'ఢాం' అని కొట్టి పంపాను. అంతే. అత్తలు పడిపడి నవ్వే బొమ్మలు పంపారు, చిన్నాయనలు దండం పెట్టే బొమ్మలు పంపారు. నేను చెప్పేది పెద్దవాళ్ళు చివరిదాకా వినడం నా జీవితంలో అదే మొదటిసారి. నేను చెడిపోయింది అక్కడే.

ఈ మధ్య వేసవి మొదట్లో, బల్లార్‌పూర్‌లో కిరాణా దుకాణం నడిపే మా మామ, అమ్మ వాళ్ళ అన్న, ఒక ముక్క ఫొటో పంపాడు. పైన పెద్దక్షరాలతో, బీపీ మాత్రలు నాసిరకమని. కింద గోలీల బొమ్మ. దాని కింద ఒక పేరా కాస్త పెద్ద అక్షరాల్లో, ఆ తరువాత నాలుగు పేరాలు చీమల బారులా. మామకు తెలుగు పేపరు ఎక్కడిదని గ్రూపులో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నేనప్పటికి ఐటీఐ పూర్తి చేసి, అప్రెంటిస్ పిలుపు కోసం ఎదురుచూస్తున్నాను. అంటే ఖాళీగా ఉన్నాను. అయినా ఆ పొద్దున నాకు తీరిక లేదు, ఎందుకంటే అటుకుల పోహా చల్లారిపోతోంది. హెడ్డింగు చదివాను, మొదటి పేరా చదివాను, అధికారుల తనిఖీలో గోలీలు బాగా లేవని తేలినట్టు అర్థమైంది. మిగతా నాలుగు పేరాలకు నేను నా సొంత పెట్టుబడి పెట్టాను: "రక్తపోటు బాధితులారా! మీరు రోజూ మింగుతున్నది మందా? సున్నమా?" ఢాం.

సున్నం అనే మాట ఆ ముక్కలో ఎక్కడా లేదు. అది నా కవిత్వం. పంపేసి పోహా తిన్నాను. వేడిగానే ఉంది.

ఆ తరువాతి ఒక ఆదివారం పొద్దున అమ్మ పులుసు కాస్తూ కరివేపాకు తెమ్మంది. మా కరివేపాకు చెట్టు వెనక వరండాలో, పైభాగం కోసేసిన నూనె డబ్బాలో ఉంటుంది. రెబ్బ తుంచబోతే మొదట్లో మట్టి మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. గుడ్డు పెంకులేమో అనుకున్నాను. వేలితో కెలికితే ఒకటి పైకి తేలింది. గుండ్రంగా, నడుమ గీతతో. దాని పక్కన ఇంకోటి, సగం కరిగింది. ఆపైన ఇంకా.

బాపమ్మ అక్కడే గడపలో కూర్చుని చాటలో కందిపప్పు చెరుగుతోంది.

"బాపమ్మా, ఇవేంది?"

"ఏవి?"

"గోలీలు."

"చెట్టుకేసిన."

"చెట్టుకు బీపీ ఉన్నదా?"

"నాకు ఉన్నదని మాత్రం ఎవరు చెప్పిన్రు? డాక్టరే గదా. గా డాక్టరిచ్చేది మందో సున్నమో ఎవనికెరుక?"

ఎండాకాలం చంద్రపూర్‌లో చల్లగా ఉండే వస్తువేదీ ఉండదు. ఆ క్షణంలో నా చేతులున్నాయి.

"సున్నమని నీకెవరు చెప్పిన్రు?"

"వార్తలల్ల వచ్చింది. మందమర్రి చెల్లె ఇనిపిచ్చింది. ఎవరో పెద్దాయన, గొంతు మస్తు గంభీరం. నడుమ నడుమ గంట గూడ కొట్టిన్రు."

గంట కాదు, కంచం. ఆమె రోజూ అన్నం తినే కంచమే.

జరిగింది ఇదీ. మందమర్రిలో ఉండే ఆమె చెల్లెలు వారానికోసారి అమ్మ ఫోనుకు చేస్తుంది. పోయినసారికి ముందుసారి చేసినప్పుడు, తన ఇంట్లో వాళ్ళ ఫోనులో వచ్చిన నా రికార్డును పెట్టి, ఆ ఫోను నోటిని ఈ ఫోను చెవికి ఆనించి వినిపించింది. రెండు ఫోన్లు దాటి వచ్చేసరికి నా గొంతుకు యాభై ఏళ్ళ అనుభవం వచ్చేసింది. బాపమ్మ ఎవరితోనూ వాదించలేదు. గోలీలు తగ్గకపోతే అమ్మకు తెలిసిపోతుందని, రోజూ ఒకటి రేకులోంచి తీసి కొంగు చివర ముడేసుకుని, అమ్మ స్నానానికి వెళ్ళగానే చెట్టుకు వేసింది. పదకొండు రోజులు. మా చెట్టంత ప్రశాంతంగా ఉన్న ప్రాణి మా లైనులో ఇంకోటి లేదు.

"బాపమ్మా, గది నేనే."

"ఏది?"

"గా పెద్దాయన. నేనే చదివిన. సున్నం నేనే కలిపిన."

ఆమె చాట ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. "పొద్దుగాల పండ్లు తోముకునుడు యాదికుండదు. నువ్వు వార్తలు చదువుతవా?"

లోపలికి పరిగెత్తి కంచం, గరిటె తెచ్చి, గొంతు లావు చేసి, ఆమె ముందు నిలబడి మొత్తం మళ్ళీ చదివాను. ఢాంతో సహా. బాపమ్మ శ్రద్ధగా విని, "మంచిగనే ఎక్కిరిస్తున్నవు. కని గంత పెద్దమనిషిని ఎక్కిరియ్యద్దురా, పాపం" అంది.

చప్పుడుకు అమ్మ బయటికొచ్చింది. విషయం చెప్పాను. అమ్మ నన్ను కొట్టలేదు. గరిటె నా చేతిలో ఉండటం వల్లనేమో. బాపమ్మ దగ్గర కూర్చుని, "అత్తమ్మా, వీడే. నా కండ్ల ముంగటనే చదివిండు. ఇయ్యాల నుంచన్న ఏసుకోండ్రి" అని బతిమాలింది.

"నాతోని గోలీ మింగిపియ్యనీకి తల్లీకొడుకు ఒక్కటైన్రు" అంది బాపమ్మ. పప్పు చెరగడం మళ్ళీ మొదలైంది.

పక్క క్వార్టరులో మేము కాకూ అని పిలిచే మరాఠీ ఆవిడ దగ్గర బీపీ చూసే మిషను ఉంది. వెళ్ళి అడిగాను. "ఆజీ బరీ ఆహే నా?" అని ఆమె కంగారుపడింది. ఆజీ బాగానే ఉంది, నేనే బాగా లేను అని చెప్పే ఓపిక లేక తలూపి తెచ్చాను. పట్టీ కట్టి మీట నొక్కితే మిషను బుసకొట్టి ఆగింది. నూట డెబ్భై ఎనిమిది, కింద నూట నాలుగు.

ఇక్కడ మా తాత సంగతి చెప్పాలి. తాత కూడా ఇలాగే, బాగానే ఉన్నాను కదా అని గోలీలు మానేశాడు. ఒక పొద్దున బాగానే మాట్లాడుతూ చాయ్ గ్లాసు జారవిడిచాడు. గ్లాసు తీసుకోబోతే కుడిచేయి లేవలేదు. ఆ తరువాత రెండేళ్ళు మంచంలోనే. ఆయనకు అన్నం కలిపి పెట్టింది, పక్కకు తిప్పి పడుకోబెట్టింది బాపమ్మే. అందుకే మా ఇంట్లో ఎవరు గ్లాసు కింద పెట్టినా నేను వింటాను.

అందరం చంద్రపూర్ పెద్దాసుపత్రికి పోదామంది అమ్మ. "ఆడ గూడ గవే గోలీలిస్తరు" అంది బాపమ్మ. రేపు గని దవాఖానా తెరవగానే డాక్టరునే అడుగుదామన్నాను. "అమ్మేటోన్ని పోయి నీ వంకాయల పురుగున్నదా అంటే, ఉన్నదంటడా?" అంది.   బాపు మొదటి షిఫ్టులో ఉన్నాడు, మూడు దాటితే గాని ఫోను తీయడు.

నాకు చేతనైంది నేను చేశాను. పక్షవాతం గురించి ఎక్కడో చదివింది గుర్తుంది, ముందు మూతి వంకర పోతుందని.

"బాపమ్మా, జర నవ్వు."

"ఎందుకు?"

"ఊకనే."

"నీ మొకం జూస్తనే నవ్వొస్తది. మల్ల అడుగుడెందుకు?"

నవ్వింది. తిన్నగానే ఉంది. "రెండు చేతులు పైకెత్తు."

"పోలీసోనివా?"

ఎత్తింది. రెండూ సమానంగానే లేచాయి. ఐదు నిమిషాల తరువాత మళ్ళీ ఎత్తమంటే చాట ఎత్తింది, నన్ను కొట్టడానికి. చెయ్యి బాగానే పనిచేస్తోందని ఊపిరి పీల్చుకున్నాను.

ఊపిరైతే పీల్చుకున్నాను గాని, లోపల ఇంకో భయం పట్టుకుంది. మింగు మింగు అని ప్రాణం తీస్తున్నాను సరే. ఆ గోలీలు నిజంగానే నాసిరకమైతే? సున్నం నాది, కానీ నాసిరకం నాది కాదు కదా, అది అచ్చులో ఉంది. ఫొటో తెరిచి పెద్దది చేశాను. కింది పేరాలు పెద్దవి అయ్యేకొద్దీ పలుచబడి, చివరికి బూడిదరంగు మచ్చలైపోయాయి. ఫోన్లో వెతికాను. మొదటి దాంట్లో బీపీ గోలీ అమృతం. రెండో దాంట్లో విషం. మూడో దాంట్లో గోలీ వద్దు, వెల్లుల్లి తినమన్నారు. నాలుగో దాంట్లో వెల్లుల్లి అసలే వద్దన్నారు. నలుగురూ నా రికార్డులో ఉన్నంత నమ్మకంతోనే చెప్తున్నారు. ఆ నమ్మకం ఎలా తయారవుతుందో నాకు తెలుసు. దానికి ఒక కంచం చాలు.

గోలీ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆమె చేత మింగించాలో, నేనే చెట్టుకు వేయాలో తెలియడం లేదు.

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. మా క్వార్టర్లలో ఎవరి పెళ్ళి కుదరాలన్నా బాపమ్మను వెంట తీసుకెళ్తారు. పిల్లవాడు మంచోడంటే ఆమె ఊరుకోదు. "కండ్ల జూసినవా, చెవుల విన్నవా?" అంటుంది. విన్నానంటే, "ఎవని నోట?" అని ఒక మెట్టు వెనక్కి పోతుంది. అలా పోయి పోయి, ఒకసారి మంచి ఉద్యోగమున్న పిల్లవాడి ఉద్యోగం అసలు వాళ్ళ బావదని తేల్చింది.

"బాపమ్మా, నా మాట నమ్మకు. అమ్మ మాట గూడ నమ్మకు. నువ్వే అడుగు, పెండ్లి పిల్లగాని గురించి అడిగినట్టు. గా పెద్దాయన ముచ్చట మందమర్రికి ఎవని నోట వచ్చింది?"

చాట ఆగింది. "ఫోన్ల మాట్లాడెటాయన్ను ఎట్ల అడుగుతర్రా? ఆయన చెప్పి పాయె" అని గొణిగింది. కానీ కొంగు సర్దుకుంది. కొంగు సర్దుకుందంటే విచారణ మొదలైనట్టే.

మందమర్రికి చేసి స్పీకరు పెట్టాను.

"చెల్లే, గా సున్నం ముచ్చట కండ్ల జూసినవా?"

"ఇన్నక్కా. నీకు గూడ ఇనిపిచ్చిన గదా."

"నీకెవరు పంపిన్రు?"

"బల్లార్‌పూర్ల నీ కోడలి అన్న ఉన్నడు గదా, దుకానాయన. గాయనే. సదువుకున్నోడు, ఊకనే పంపుతడా?"

రెండో ఫోను మామకు.

"దండాలత్తమ్మా! మంచిగున్నరా?"

"మంచిగనే ఉన్న బిడ్డా. గా సున్నం ముచ్చట నీకెవని నోట వచ్చింది?"

"అయ్యో, మీ మనుమడే గదత్తమ్మా! మస్తు చదివిండు. అందరికి పంపిన. దుకాన్ల గిరాకులకు గూడ ఇనిపిచ్చిన. ఒకాయనైతే మల్లమల్ల పెట్టిపిచ్చుకున్నడు."

బాపమ్మ నా వైపు తిరిగింది. తిట్టు కోసం తయారై ఉన్నాను. ఆమె తిట్టలేదు. "కండ్లు పోయినయనుకున్న. చెవులు గూడ పోయినయా, నీ గొంతు గుర్తువట్టకపోతి" అంది, తనలో తనే. ఆ రోజు నాకు అన్నిటికంటే గట్టిగా తగిలింది అదే. దాని మీద జోకు ఉందేమోనని చాలా వెతికాను. లేదు.

ఆమె అక్కడితో ఆగలేదు. ఇంకో మెట్టు మిగిలే ఉంది.

"నువ్వు ఎవని నోట విన్నవు?"

"కాయిదంల చదివిన."

"మొత్తం చదివినవా?"

ఇన్నేళ్ళుగా ఇన్ని పెళ్ళిపత్రికలు, ఇన్ని పేపరు ముక్కలు చదివిపెట్టాను. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"లే."

"ఎంత చదివినవు?"

ఫోనులో వేలు పెట్టి చూపించాను. పైన ఇంత. ఆమెకు అక్షరాలు రావు గాని కొలత వస్తుంది. "అంటే, పిల్లగాని మొకం జూసి, కాళ్ళు జూడకుంట లగ్గం ఖాయం చేసినవన్నట్టు" అని, ఫోనులోకి వంగి, "బిడ్డా, గా కాయిదం ఏది?" అంది.

"దుకాన్లనే ఉన్నదత్తమ్మా. నాకు గూడ బీపీ ఉన్నది గదా, దాచిపెట్టిన."

"తీసిపెట్టు. వస్తున్నం."

"నువ్వు జూసి ఏం జేస్తవు? నీకు చదువురాదు గదా" అన్నాను.

"పిల్లను జూడవోయి పుస్తకం చదువుతమారా?"

అమ్మ వద్దు వద్దంటూనే నీళ్ళ సీసా నింపింది. ఆటోలో బస్టాండుకు, అక్కడినుంచి బల్లార్‌పూర్ బస్సు. అంబులెన్సు నంబరు ఫోను తెర మీద తెరిచి పెట్టుకున్నాను, గోలీల రేకు చొక్కా జేబులో పెట్టుకున్నాను. బస్సు గతుకులో పడిన ప్రతిసారీ ఆమె చేతులు చూశాను. సగం దారిలో కళ్ళు మూసుకుంది. నోరు కొద్దిగా తెరుచుకుని, ఒక పక్కకు జారినట్టనిపించింది.

"బాపమ్మా! బాపమ్మా, నవ్వు!"

ముందు సీట్లోని ఆయన వెనక్కి తిరిగి, భయపడి, తనే నవ్వాడు. బాపమ్మ ఒక కన్ను తెరిచి, "పండుకోనియ్యవారా?" అంది. ఆ దారి అరగంట కూడా ఉండదు. నాకది ఒక ఏడాదిలా గడిచింది.

దుకాణంలో మామ మమ్మల్ని బెల్లం బస్తాల మీద కూర్చోబెట్టి, గల్లాపెట్టె కింద మడిచి పెట్టిన కాగితం తీశాడు. అప్పుడు అర్థమైంది నాకు. మా వైపు తెలుగు పేపరు వార్తగా రాదు, పొట్లంగా వస్తుంది. మామకు మంచిర్యాల నుంచి సరుకు పంపే వ్యాపారి, సీసాలు పగలకుండా మధ్యలో పాత తెలుగు పేపర్లు కుక్కి పంపుతాడు. కాగితం మిల్లున్న బల్లార్‌పూర్‌లోనే కూర్చుని మామ వాటితోనే చింతపండు కట్టిస్తాడు. ఒకరోజు కడుతుంటే గోలీల బొమ్మ కనబడింది. ఫొటో తీశాడు.

బాపమ్మ అక్షరాల వైపు చూడలేదు. కాగితం మూల రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా మడిచింది. చిటుక్కున విరిగింది. వాసన చూసింది.

"గిది ఎన్కటి కాయిదం."

"మొన్ననే వచ్చిందత్తమ్మా!" అన్నాడు మామ.

"నీ దుకాన్లకు మొన్న వచ్చింది బిడ్డా. పుట్టింది మొన్న గాదు."

తాతకు గనిలో పని దొరకని రోజుల్లో బాపమ్మ గని గేటు ముందు పల్లీలు అమ్మేది. ఎన్ని వేల పొట్లాలు చుట్టిందో ఆ వేళ్ళకే తెలుసు. ఏ కాగితం నిలుస్తుందో ఏది చిరుగుతుందో ఆమెకు చదవక్కర్లేదు. కాగితాన్ని వెనక్కి తిప్పింది. అక్కడ ఒక ఫోను ప్రకటన. అద్దమంతా తెర ఉన్న ఫోను కాదు, సబ్బుబిళ్ళంత ఉండి, కింద బొత్తాలున్నది.

"గిది మీ తాత ఫోను గాదురా? ఆయన కొన్ననాడు నువ్వు లాగు లేకుంట తిరిగెటోనివి."

నేను కాగితం పైఅంచు చూశాను. మామ ఫొటో తీసినప్పుడు వదిలేసిన అంచు. తేదీ ఉంది. మామూలు అంకెల్లో. వాటిని చదవడానికి తెలుగు రానక్కర్లేదు. మామ చదవగలడు, అమ్మ చదవగలదు, ముందు సీట్లో నవ్విన ఆయన కూడా చదవగలడు. నేనింకా బడిలో చేరని ఏడాది.

"ఇగ చదువు. మొత్తం. గంట కొట్టకు" అంది బాపమ్మ.

చదివాను. ఒక్కో వత్తు దగ్గర ఆగాను. ఊహించబోయిన ప్రతిసారీ ఆమె "అట్లనే ఉన్నదా, నువ్వు కలుపుతున్నవా?" అని అడిగింది, మళ్ళీ వెనక్కి వెళ్ళాను. సబ్బు కోసం వచ్చిన ముసలాయన ఒకరు చిన్నప్పుడు కరీంనగర్ వైపు బడికి వెళ్ళాడట, రెండు మాటలు ఆయన చెప్పాడు. నాలుగు పేరాలకు ఇరవై నిమిషాలు పట్టింది. ఎక్కడో దూరపు జిల్లాలో, ఒక్క దఫా సరుకు. పట్టుకుని వెనక్కి తీసేసుకున్నారు. గోలీ పేరు రాసి ఉంది. జేబులోంచి రేకు తీసి రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూశాం. పేరు వేరు, కంపెనీ వేరు. చివరి వాక్యం ఇది: వైద్యుని సలహా లేకుండా మాత్రలు ఆపవద్దని అధికారులు సూచించారు. దాంట్లో మూడు వత్తులున్నాయి. మొదటిసారి నేను దాని దరిదాపులకు కూడా రాలేదు.

"సరే. గది ఎన్కటి ముచ్చట. గియ్యాల్టి గోలీల సంగతేంది మరి? ఇవి మంచియేనా?" అంది బాపమ్మ.

ఆ కాగితం ఆ మాట చెప్పదు. గొంతు లావు చేసి 'నూటికి నూరు పాళ్ళు మంచివే' అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే ఆమె అప్పుడే మింగేదేమో.

"తెల్వదు" అన్నాను.

"తెల్వదా?"

"తెల్వదు బాపమ్మా. రేపు దవాఖానల అడుగుదాం. కని ఇన్నేండ్ల సంది ఇవి ఏసుకున్నన్ని దినాలు నీకేం గాలే. ఏసుకోక పదకొండు దినాలకే మిషను నూట డెబ్భై ఎనిమిది జూపెట్టింది. గంతే ఎరుక నాకు. గది కండ్ల జూసిన."

ఆమె కాసేపు రేకు వైపు చూసింది. సబ్బు ముసలాయన కూడా చూశాడు. మామ తూకం వేస్తున్న చక్కెర అలాగే ఆగిపోయింది.

"తెల్వదన్నోని మాట జర ఇనొచ్చు" అని గోలీ తీసి నోట్లో వేసుకుని, అమ్మ ఇచ్చిన సీసాలో నీళ్ళు తాగింది. గుటక పడేదాకా ఆమె గొంతు వైపే చూశాను.

మిషను మర్నాడు కూడా పెద్ద అంకెలే చూపించింది, ఆ మర్నాడు కొంచెం చిన్నవి. గని దవాఖానా డాక్టరు రేకు చూసి, గోలీలు సరైనవేనని చెప్పి, ముందు ఆమెను, తరువాత నన్ను, చివరికి అమ్మను కూడా వరుసగా కోప్పడ్డాడు. మందా సున్నమా అనేది తప్పు, అది నేను కల్పించింది, పేపరు పాతది అని నా మామూలు గొంతుతో చదివి గ్రూపులో పెట్టాను. ఇద్దరు విన్నారు. ఒకరు అమ్మ. మామ బొటనవేలు బొమ్మ పంపాడు, వినకుండానే. పాత రికార్డు ఇంకా ఎక్కడెక్కడో తిరుగుతోంది. మొన్న మందమర్రి నుంచి ఫోను వస్తే, ఆవిడ వాడకట్టులో ఎవరో దాన్ని కొత్త వార్తగా పెట్టుకుని వింటున్నారట. ఎవరు ఏ గోలీలు మానేశారో నాకు తెలియదు. అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియదు. ఇప్పుడు వత్తులు నేర్చుకుంటున్నాను. ఇది రాస్తున్నది కూడా ఆ నేర్చుకున్నంతతోనే.

బాపమ్మ రోజూ పొద్దున గోలీ నా ముందే వేసుకుంటుంది. నాలుక చాపి చూపిస్తుంది కూడా, వెక్కిరింతకు.

దవాఖానాలో గోలీలు ముప్పై రోజులకే ఇస్తారు. ముప్పై ఒకటో తేదీ ఉన్న నెలల్లో ఒకటి తక్కువ పడుతుంది, కాబట్టి ఒకరోజు ముందే వెళ్ళి చీటీ రాయించుకురావడం ఇప్పుడు నా పని.